ఇన్నాక్యువస్: సటీకా తాత్పర్యము

మూలం: "డాడీ, ఇన్నాక్యువస్!"

అవతారిక: వాసవీ అమ్మవారి దర్శనానికి హైదరాబాదు నుంచి పెనుగొండ వచ్చిన కుటుంబం పంటకాలువ గట్టున కారాపింది. గడ్డిలోంచి నల్లగళ్ళ పాము తలెత్తింది. తండ్రి ఒక చెప్పు వదిలేసి కారెక్కాడు. ఇంటర్ చదివే కొడుకు ఫోన్లో బొమ్మ చూసి పై వాక్యం పలికాడు.

ప్రతిపదార్థం: డాడీ = కారులోనున్న ఓ తండ్రీ; ఇన్నాక్యువస్ = హాని చేయనిది. 'అది' అనే కర్త అధ్యాహార్యం. పాము ఎదుట పూర్తి వాక్యం ఎవరికి వస్తుంది?

వ్యుత్పత్తి: లాటిన్‌లో 'నొకేరె' అంటే హాని చేయడం. ముందున్న 'ఇన్' మన 'అ' లాంటిదే, కాదనేది. నొకేరె, మన 'నశ్' ధాతువు ఒక కడుపున పుట్టినవే అంటారు భాషాశాస్త్రజ్ఞులు. అంచేత దీన్ని 'అనాశకం' అన్నా చెల్లుతుంది. 'ఇన్నోసెంట్' దీని తోబుట్టువు.

ప్రయోగం: అనుమానం ఉన్నచోటే ఈ విశేషణం. పూతరేకుని ఎవరూ ఇన్నాక్యువస్ అనరు. పాముని అంటారు, తగువుకి దారితీసిన మాటనీ అంటారు. మా వైపు దీనికి సరైన మాట "ఏం సెయ్యదండి, రండి". కుక్క ఉన్న గుమ్మంలో అది విని లోపలికెళ్ళి, పిక్కకి కట్టుతో తిరిగొచ్చిన ఈ వ్యాఖ్యాతే సాక్షి.

పూర్వపక్షం: విషం లేనిదానికి భయమెందుకు? సమాధానం: నీరుకట్టెకి విషం లేదు గాని పళ్ళున్నాయి. పట్టుకుంటే గట్టిగానే కరుస్తుంది.

ప్రమాణం: 11వ శతాబ్దాన, ఈ గోదావరి ఒడ్డునే రాజమహేంద్రవరంలో నన్నయ తెనిగించిన ఆదిపర్వం. పాముకాటుకి పోయిన ప్రమద్వరను రురుడు తన ఆయుష్షులో సగమిచ్చి బతికించుకున్నాడు. ఆపైన కనబడ్డ పామునల్లా చంపుతూ ఒకనాడు డుండుభం మీద కర్రెత్తాడు. విషంలేని ఆ పాము నోరు విప్పింది: పూర్వం తను సహస్రపాదుడనే మునినని, సరదాకి గడ్డిపాము చేసి నేస్తం ఖగముడి మీద వేస్తే, జడుసుకున్న ఖగముడు విషంలేని పామువి కమ్మని శపించాడని. గమనించగలరు, ఆ గడ్డిపామూ ఇన్నాక్యువస్సే.

తాత్పర్యం: ఓ తండ్రీ, అదేమీ చేయదు, దిగుము. తండ్రి దిగలేదు. గడ్డి కోస్తున్న రైతు పాముని కొడవలి పిడితో కాలువలోకి నెట్టి, "నీరుకట్టేనండి బాబుగారూ, కప్పల్ని తింటాదంతే, ఆయ్" అన్నాడు.

పాముతోపాటు ఎడమ చెప్పూ కాలువలో పడింది.