రాయి మీద కేసు

ఖనిజాలు అమ్ముకుని బతికే దేశాలు మెల్లగా ఎదుగుతాయని 1995లో ఆర్థికవేత్తలు సాక్స్, వార్నర్ లెక్కలు కట్టి చూపించారు. దానికి ‘వనరుల శాపం’ అనే పేరు అంతకు రెండేళ్ల ముందే వచ్చింది. ఏలేవాళ్లకు ఇంతకన్నా అనువైన సిద్ధాంతం దొరకదు. తప్పంతా రాయిదే! రాయి వకీలును పెట్టుకోదు, ప్రెస్‌మీట్ పెట్టదు.

అయితే కొండాపురం, ఉదయగిరి, ఆత్మకూరు ఉన్న ఈ నెల్లూరు జిల్లాలో రాయి చేసిన నేరమేమిటో తేలడం లేదు. నెల్లూరు అభ్రకం, దాని పక్కనే ఉండే క్వార్ట్జ్ కోట్ల ఏళ్లుగా ఉన్నచోటే ఉన్నాయి. 2015 ఫిబ్రవరిలో కేంద్రం ఈ రెంటినీ ‘చిన్నతరహా ఖనిజాలు’ అంది. 2025 ఫిబ్రవరిలో, కాదు, ‘ప్రధాన ఖనిజాలు’ అంది. పదేళ్లలో రాయి ఎదిగిందేమో మరి! పెన్నా ఇసుక కథ ఇంకా రంజుగా ఉంటుంది. 2014లో రేవులు డ్వాక్రా మహిళల చేతిలో పెట్టారు. 2016లో ఉచితమన్నారు. 2019లో ఖనిజాభివృద్ధి సంస్థ అమ్మింది. 2021లో ప్రైవేటు కంపెనీకి అప్పగించారు. 2024లో మళ్లీ ఉచితం. టిప్పర్ వాయిదాలు తీరేలోపే విధానం మారే చోట, పదేళ్ల ముందుచూపుతో ఫ్యాక్టరీ పెట్టేవాడు అమాయకుడు. రాత్రికి రాత్రి తోలుకుపోయేవాడే తెలివైనవాడు. మెహ్లుమ్, మోయెన్, టోర్విక్ అనే ఆర్థికవేత్తలు 2006లో తేల్చిందీ ఇదే: ఉత్పత్తి చేసేవాడికి లాభం మిగిలే చోట ఖనిజం వరం, దండుకునేవాడికి మిగిలే చోట గుదిబండ.

ఖనిజం వరమైన చోటంటే నార్వే గుర్తొస్తుంది. నార్వేతో మనకు పోలికేమిటి, వాళ్లకు చమురు దొరికేనాటికే గట్టి వ్యవస్థలున్నాయి కదా అంటారు. నిజమే. రాయిది తప్పు కాదని చెప్పడానికి అదే సాక్ష్యం. పోనీ బోట్స్వానా? 1966లో స్వతంత్రమయ్యేనాటికి ప్రపంచంలోని కటిక పేద దేశాల్లో ఒకటి. మరుసటి ఏడాదే వజ్రాలు దొరికాయి. తెగలు గనుల హక్కును దేశానికి వదిలాయి, ఆ ఆదాయం బడికీ రోడ్డుకీ చేరింది. మనకు మాత్రం ఓబుళాపురం ఇనుప గనులపై 2009లో సీబీఐ పెట్టిన కేసులో తొలి తీర్పు రావడానికి 2025 మే దాకా పట్టింది. అంతలో ఖనిజం ఆగుతుందా?

తవ్వకం వల్ల ఉపాధి వస్తుంది, స్థూలోత్పత్తి పెరుగుతుంది అనే వాదన ఇంకొకటి. పెరుగుతుంది, కాదనడం లేదు. ఇంటి దూలాలు పీకి అమ్మినా ఆ నెల రాబడి పెరుగుతుంది. క్వార్ట్జ్ ఓడెక్కితే వచ్చిన సొమ్ము స్థూలోత్పత్తిలో కలుస్తుంది. మిగిలిన గొయ్యి అందులో ఎక్కడా తరుగుగా పడదు. వానొచ్చి గోతిలో నీళ్లు నిలిస్తే నీటికుంటల జాబితాలో చేర్చి, తవ్వకం బిల్లు కూడా పెట్టుకోవచ్చు.