బటన్ నొక్కుడు శాస్త్రం

బటన్ కనిపిస్తే నొక్కడం మానవ స్వభావం. నొక్కాక ఏమవుతుందన్నది శాస్త్రం. నందిగామ పురుగుమందుల కొట్టులో బిల్లు తీసే గుమస్తా మొదలు జగ్గయ్యపేట కంప్యూటర్ సెంటర్లో పైథాన్ నేర్చే కుర్రాడి దాకా అందరికీ పనికొచ్చేది గనుక, పూర్వాచార్యులు చిన్నచూపు చూసిన ఈ విద్యను మూడు సూత్రాల్లో క్రోడీకరిస్తున్నాం.

సూత్రం 1: నొక్కుడు ముందు, పని వెనక.

భాష్యం: పూర్వం పెత్తనమంతా ప్రోగ్రాందే. రైతు పేరు, మందు పేరు, ధర అది అడిగిన వరసలోనే చెప్పాలి. విండోలూ బటన్లూ వచ్చాక పెత్తనం వాడేవాడి చేతికొచ్చింది. ప్రోగ్రాం లూపులో తిరుగుతూ ఎదురుచూస్తుంది. ఫలానా బటన్ నొక్కితే ఫలానా ఫంక్షన్ని పిలవమని ముందే రాసిపెడతాం. ఆ ఫంక్షనే కాల్‌బ్యాక్.

సూత్రం 2: పేరు ఇవ్వు, పిలవకు.

భాష్యం: జాన్ ఔస్టర్‌హౌట్ బర్క్‌లీలో తయారుచేసిన టీకే టూల్‌కిట్టే పైథాన్లో టికింటర్‌గా దొరుకుతుంది. అందులో బటన్‌కి కాల్‌బ్యాక్ అప్పగిస్తూ ‘కమాండ్=బిల్లు’ అని రాయాల్సిన చోట శిష్యుడు ‘కమాండ్=బిల్లు()’ అని రాస్తాడు. ఇక చూడండి: విండో తెరుచుకునేలోపే ఎవరూ అడగని బిల్లు ఒకటి తయారవుతుంది. ఆ తర్వాత బటన్‌ని ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు.

పూర్వపక్షం: మరి రైతు పేరు పంపాలంటే బ్రాకెట్లు లేకుండా ఎలా?

సిద్ధాంతం: లాంబ్డాతో, అంటే అక్కడే రాసే పేరులేని చిన్న ఫంక్షన్‌తో. కానీ లూపులో పదిమంది రైతులకు పది బటన్లు పెట్టి, ఒక్కో లాంబ్డాలో ‘ర=రైతు’ అని అక్కడికక్కడే కట్టెయ్యకపోతే, పదిమంది అప్పూ చివరి రైతు ఖాతాలోనే పడుతుంది. ఆయన కొట్టు మీదికి గొడవకొస్తే లాంబ్డా అడ్డుపడదు.

సూత్రం 3: పిలిస్తే వెళ్లు, వెంటనే తిరిగి రా.

భాష్యం: చిల్లకల్లు టోల్‌గేటు ఇందుకు దృష్టాంతం. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరయ్యాక ట్యాగ్ చదవడం, గేటు లేవడం క్షణాల పని. ఏ సిమెంటు లారీ డ్రైవరో బ్యాలెన్సు లేక వాదనకు దిగాడా, వెనక పెళ్లి బస్సులో వరుడున్నా సరే, ఆగాల్సిందే. నొక్కుళ్లకూ ఇలాంటి క్యూయే ఉంది. ఒక కాల్‌బ్యాక్ సర్వర్ జవాబు కోసం అరనిమిషం కూర్చుంటే విండో బిగుసుకుపోతుంది. మూసే బటన్ కూడా పలకదు. గుమస్తా విసుగెత్తి మరో నాలుగుసార్లు నొక్కుతాడు. అవన్నీ క్యూలో చేరి, ఒకే రైతుకు ఐదు బిల్లులు వస్తాయి. ఆండ్రాయిడ్‌లో నొక్కుడుకు జవాబు చెప్పడానికి యాప్‌కిచ్చే గడువు 5 సెకన్లు. అది దాటితే ఈ యాప్ స్పందించడం లేదని ఆండ్రాయిడ్ తెరమీదే చాటేస్తుంది.

పరిహారం: నొక్కగానే బటన్‌ని డిజేబుల్ చేసి, బరువైన పనిని వేరే థ్రెడ్‌కి అప్పగించాలి. ఆ థ్రెడ్ తెరను తాకకూడదు. ఫలితాన్ని విండోని నడిపే మెయిన్ థ్రెడ్‌కి ఇస్తే తెరను అదే మారుస్తుంది.

ఫలశ్రుతి: ఈ శాస్త్రం పాటించినవారి విండోలు బిగుసుకుపోవు, ఖాతాలు తారుమారు కావు. పాటించనివారికి కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేయడమే గతి. కనుక నాయనలారా, ఇంకోసారి నొక్కేముందు కాస్త ఆగండి.