పైరు పొలంలో, గాదె వ్యాసంలో

జనవరి నెలలో నెల్లూరు జిల్లా విడవలూరు మండలంలో ఏ పొలం గట్టెక్కి చూసినా కనపడేది పచ్చటి పైరు. సోమశిల జలాశయం నీళ్లు కాలవల్లోకి దిగి, నార్లు పోసి, నాట్లు ముగిసేసరికి డిసెంబరు వచ్చేస్తుంది. సంక్రాంతి పూట కూడా రైతు లుంగీ ఎగ్గట్టి యూరియా చల్లుతుంటాడు. కోతలు మార్చి, ఏప్రిల్‌లో. పెన్నా డెల్టాలో ఇది పాలుతాగే పిలకాయకైనా తెలుసు.

అదే రైతు కొడుకుని తెలుగు పరీక్షలో 'మీ ఇంట్లో సంక్రాంతి ఎలా జరుపుకుంటారో రాయండి' అని అడిగి చూడండి. ధాన్యరాశులతో గాదెలు నిండి రైతుల ముఖాల్లో ఆనందం తాండవిస్తుందని రాస్తాడు. అయిదుకు అయిదు. నాయన గాదె ఖాళీగానే ఉంది, అబ్బాయి మార్కుల జాబితా మాత్రం నిండింది.

మన చదువులను ఊరికే ఆడిపోసుకుంటాంగానీ, పద్నాలుగేళ్ల వాడి చేత రోజూ తొక్కుకుంటూ వచ్చే గట్టు పక్క పైరును మరిపించడం సామాన్యమా? ఎంత తర్ఫీదు కావాలి! గైడు కొనిపించాలి, బోర్డు మీద రాసి ఎక్కించాలి, తప్పితే బెత్తం చూపించాలి.

"గంగిరెద్దు ఏదిరా?"

"ఈ ఏడు మా ఊరికి రాలేదు సార్."

"అది రాకపోతే నువ్వు రాయవా? హరిదాసు ఏడీ? కోడిపందేలేవీ?"

"పందేలు గోదావరి పక్క గదా సార్. టీవీలో చూశా."

"చూశావు గదా. రాయి."

మిత్రునికి లేఖ అయితే మరీ కులాసా. పరీక్షలో ఊరి పేరు రాయకూడదు, సొంత పేరు రాయకూడదు, వాటి చోట ఇంటూ మార్కులు పెట్టాలి. ఇంటూ గారి ఊళ్లో పండగ ఘనంగా జరిగిందని ఇంకో ఇంటూ గారికి కబురు. ఎవరి పేపరో దిద్దేవాళ్లకు తెలియకూడదట. ఆ జాగ్రత్త దండగ. లోపలి సరుకు చూసి కన్నతల్లి కూడా పోల్చుకోలేదు.

రాయడానికి ఇక్కడ ఏమీ లేక కాదు. సంక్రాంతి పోతూ పోతూ నెల్లూరులో ఏటి పండగ తెస్తుంది. గొబ్బెమ్మలను పెన్నలో కలపడానికి ఊరు ఊరంతా ఏటి ఒడ్డుకు చేరుతుంది. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి, కోరికకో రొట్టె చొప్పున ఆరోగ్య రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగ రొట్టె మార్చుకుంటారు. చదువు రొట్టె కూడా ఉంది. బిడ్డ కోసం దాన్ని పట్టుకున్న తల్లి ఏ కులమో, ఏ మతమో అక్కడ ఎవరూ అడగరు. గైడులో మాత్రం ఆమెకు చోటు లేదు. రొయ్యల గుంటల కాడ పండగ ఇంకో రకం. ఊరంతా బూరెలు తింటుంటే కాపలా మనిషి ఏరేటర్ల చప్పుడు మీద ఒక చెవి వేసే ఉంచాలి. కరెంటు పోతే పరుగెత్తి జనరేటరు వెయ్యాలి, లేదంటే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. ఆయన కూతురు ఈ మాట రాస్తే 'విషయానికి సంబంధం లేదు' అని ఎర్రసిరా పడుతుంది.

ఇంకో పిల్ల ఇలా రాసిందనుకోండి: "పండగనాడు పెద్దలకు బట్టలు పెట్టాము. అవ్వ తాత ఫొటో ముందర ఆకేసి వడలు, పాయసం వడ్డించింది. ఆయనకి ఇష్టమని చుట్ట పెట్టింది. నాయన సీసా తెచ్చి తాతకు చూపించి తనే తాగాడు. ఆ రోజు అమ్మ అన్నం తినలేదు." అయ్యవారు ఆ పేపరు కళ్లకద్దుకుంటారా? అబ్బే. 'సంస్కృతి గొప్పతనం లోపించింది' అని సున్న చుడతారు, ఆపైన తల్లిని పిలిపిస్తారు.

చిత్రమేమిటంటే, ఇలాంటి ఇంటి కథనే అచ్చు వేసి పాఠంగా చెప్పిన జిల్లా ఇదే. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో, సారాతో కష్టాలపాలైన సీతమ్మ కథను రాత్రిబడి ఆడవాళ్ల చేతికిచ్చారు. అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న వాళ్లు. 'ఇది మా ఇంటి సంగతే గదా' అన్నారు. దూబగుంట అనే ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు జిల్లా దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించక తప్పలేదు ప్రభుత్వానికి. ఓనమాలు దిద్దినవాళ్లు దుకాణాలు మూయిస్తే, పదేళ్లు బడికి వెళ్లిన పిల్లకాయలు గాదెలు నింపుతున్నారు. అంటే బడి బాగానే పనిచేస్తున్నదన్నమాట. దూబగుంటలో జరిగిన పొరపాటు మళ్లీ జరగనివ్వకూడదు గదా.

మా మేనత్త మనవడు డల్లాస్‌లో పుట్టినవాడు, వాడి కథ ఇంకోలా ఉంది. అక్కడ కాలేజీ దరఖాస్తులో 650 మాటలకు మించకుండా సొంత కథ చెప్పుకోవాలి. వాడు అవ్వకు ఫోను చేసి పులుసులో మామిడికాయ ఎప్పుడు వేస్తారో అడుగుతాడు, ఆ సంగతి ఎలా రాయాలో నేర్పినందుకు ఇంకొకరికి డాలర్లు కడతాడు. ఇక్కడ ఆ పులుసు రోజూ తినేవాడు ఆ మాట ఎత్తితే మనం మార్కులు కోస్తాం.

మన ప్రశ్నలు మార్చుకుందామంటే అడ్డేమీ లేదు. 'పండగనాడు మీ ఇంట్లో ముందు లేచేదెవరు, ఆఖర్న తినేదెవరు?' అని ఒక్క ప్రశ్న ఇస్తే చాలు, గైడు వాళ్లు చేతులెత్తేస్తారు. కానీ స్పాట్ వాల్యుయేషన్ బల్లల దగ్గర గోల లేస్తుంది. ఇప్పుడైతే కట్టకు కట్ట ఒకటే గంగిరెద్దు. దాని కొమ్ములు కనపడగానే టిక్కు పెట్టి పేజీ తిప్పేయొచ్చు. ఒక్కో పేపర్లో ఒక్కో ఇల్లు తగిలితే ఆ మహానుభావులు కూర్చుని చదవాల్సొస్తుంది. రోజు భత్యం పెంచకుండా అంత పని ఎవరు చేస్తారండీ?