శృంఖలాసూత్ర భాష్యము

2025 ఫిబ్రవరి 6, గురువారమునాడు రాజ్యసభలో, ముందటి దినమున అమృతసరమున వ్రాలిన అమెరికా సైనిక విమానమును గూర్చియు, అమెరికానుండి వెళ్ళగొట్టబడి అందుండి దిగిన 104 మంది భారతీయులకు వేసిన సంకెళ్ళను గూర్చియు సభ్యులు కోలాహలము సేయుచుండగా, విదేశాంగ మంత్రి శ్రీ జైశంకర్‌గారు ఏమాత్రమును చలింపక, బంధనముల ప్రయోగము 2012 నుండి అమలునందున్న అమెరికా అధికారుల ఎస్ఓపీ (ప్రామాణిక కార్యవిధానము) లోనిదే యని సెలవిచ్చిరి. ఈ యొక్క వాక్యముతో నా యజ్ఞానము పటాపంచలైనది. అపౌరుషేయములు వేదములు మాత్రమే యని యింతకాలమును నమ్మియుంటిని. కర్త యెవరో తెలియనిది, ఎందుకని యడుగరానిది, ఎవ్వరును మార్పజాలనిది, పఠించినంతనే ప్రశ్నలన్నిటిని శమింపజేయునది మరియొకటి కలదనియు, అది వాషింగ్టనున వెలసి అప్పటికి పదుమూడేండ్లైనదనియు ఎరుగనైతిని.

ఇంతటి గ్రంథమునకు తెలుగున భాష్యము లేకుండుట మనకు వెలితి గనుక, అల్పజ్ఞుడనయ్యు ఆ పనికి పూనుకొనుచున్నాను.

శాస్త్రారంభమున అధికారి యెవడో నిర్ణయింపవలెను. సంకెలకు అర్హుడెవడు? హంతకుడా, దొంగయా? అనుమతి లేక సరిహద్దు దాటుట, తొలిసారి యైనచో, అమెరికా చట్టమున ఆరునెలలకు మించని కారాగారము గల చిన్న నేరము. వీసా గడువు తీరిన పిదప నిలిచిపోవుట యన్ననో, క్రిమినల్ నేరమే కాదు. ఇక దేశమునుండి వెళ్ళగొట్టుట శిక్షయే కాదని ఆ దేశపు సుప్రీంకోర్టు 1893లో ఫాంగ్ యూ టింగ్ వ్యాజ్యెమున తేల్చినది. శిక్ష కాదు గనుక, క్రూరశిక్షలను నిషేధించు రాజ్యాంగ నిబంధన దానికి వర్తింపదనియు నిర్ణయించినది. ఎంతటి సూక్ష్మబుద్ధి! శిక్ష పడినవానికి రక్షణ కలదు. శిక్ష పడనివానికి గొలుసు కలదు. కావున శిక్షార్హుడు కానివాడే యీ శాస్త్రమునకు అధికారి యని సిద్ధాంతము.

ఇక విషయమన, కరములు, కటి, చరణములు. దేశకాలములన, అమెరికా గడ్డ మొదలు అమృతసరము వరకు, ఇంచుమించు 40 గంటలు. ఇచ్చట పూర్వపక్షి యొకడు లేచి, "అయ్యా, ఆకాశమున నెగురు విమానమునుండి పారిపోవువా డెవ్వడు? పారిపోయిన నేల చేరునా, పైలోకము చేరునా?" యని యడుగును. విధివాక్యమునకు ప్రయోజనమును వెదకువాడు నాస్తికుడని వానికి సమాధానము. వాడూరకుండక, "ప్రయాణికుల విమానములకై పుట్టిన విధి, యుద్ధసామగ్రి మోయు సి-17కు ఎట్లు వర్తించు?" నని మరల నడుగును. సైనిక విమానములకును అదియే వర్తించునని మంత్రిగారు సభాముఖమున చెప్పియున్నారు. ఒకచోటి విధిని మరియొకచోటికి తరలించుటను మీమాంసకులు అతిదేశమందురు; మనుష్యులను తరలించువారికి విధిని తరలించుట యేపాటి కష్టము?

ఏ విధికైనను అపవాదము లుండవలెను గదా. స్త్రీలకును పిల్లలకును సంకెళ్ళుండవని అమెరికా అధికారులు తమకు తెలిపిరని మంత్రిగారు చెప్పిరి. అన్నపానములకును వైద్యమునకును లోపముండదనియు, మలమూత్ర విసర్జనవేళ అవసరమైనచో సంకెళ్ళను తాత్కాలికముగ విప్పుదురనియు చెప్పిరి. 'అవసరమైనచో' నను నీ పదముపై మూడు మతములు కలవు. ప్రయాణికుని మతమున అది శరీరధర్మము. కావలివాని మతమున అది అర్జీ. మంత్రిగారి మతమున అది మానవత. సభలో బల్లలు చరుచుట మానక, ఈ మూడవ మతముపై ఘడియసేపు మనస్సు నిలిపినచో ప్రతిపక్షులకును జ్ఞానోదయము కాకపోదు.

అటుపిమ్మట మంత్రిగారు సంఖ్యాపాఠమును పఠించిరి: 2009లో తిరిగి పంపబడినవారు 734 మంది, 2019లో 2,042 మంది, ఈ తీరున ఏటేట. దీని తాత్పర్యమేమన, ఒకనాడు జరిగినది అవమానము. ఏటేట జరిగినచో ఆచారము. ఆచారమును పట్టికగా చదివినచో అదియే ధర్మము. గ్రంథాంతమున ఫలశ్రుతి యుండుట సంప్రదాయము గనుక, అమెరికా సరిహద్దు గస్తీదళపు అధిపతియే ఆ లోటు తీర్చినాడు: కాళ్ళకు గొలుసులతో మనవారు విమానమెక్కు దృశ్యమునకు సంగీతము కూర్చి, సైనిక విమానమున ఇంతవరకు సాగిన తరలింపులలో అతిదూరపు యాత్ర ఇదియేయని లోకమునకు చాటినాడు.

అయితే ఈ శాస్త్రమున శాఖాభేద మొకటి కలదు. దానిని దాచినచో భాష్యకారుడు దోషి యగును. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయము మోసమని తేలి మూతపడినప్పుడు, అందు చదువుచున్నవారిలో అధికసంఖ్యాకులు ఆంధ్రప్రదేశపు బిడ్డలు. వారిలో కొందరి చీలమండలకు జాడ తెలుపు పరికరములను తగిలించిరి. ఆనాడు ఢిల్లీలోని విదేశాంగ శాఖ సూత్రపాఠము చేయలేదు; అది అనుచితమనియు, ఆ పరికరములను తీసివేయవలెననియు అమెరికాకు బాహాటముగ చెప్పినది. ఆనాటి పట్టీ నేడు గొలుసైనది. ఆనాటి నిరసన నేడు వ్యాఖ్యానమైనది. ఈ 104 మందిలో హర్యానావారు 33, గుజరాతీలు 33, పంజాబీలు 30. తెలుగువాడొక్కడును లేడని మనలో కొందరు ఊరట చెందిరి. ఎంత నీచమైన ఊరట!

ఇక భాష్యము చాలును. అనుమతి లేని పరదేశిని వెనుకకు పంపుటకు అమెరికాకు హక్కు కలదు. తన పౌరుని తిరిగి స్వీకరించుట భారతదేశమునకు కర్తవ్యము. ఈ రెంటినడుమ గొలుసున కేమి పని? పొలమమ్మి దళారి చేతిలో లక్షలు పోసి, అడవులు దాటి, పట్టుబడి, సర్వస్వమును పోగొట్టుకొని వచ్చువానినుండి ఎవరికి భయము? ఈ దేశమున దొంగను న్యాయస్థానమునకు తీసుకొనిపోవునప్పుడు సైతము అలవాటుగ బేడీలు వేయుట అమానుషమని 1980లోనే ప్రేమ్ శంకర్ శుక్లా వ్యాజ్యెమున న్యాయమూర్తి కృష్ణయ్యరు తీర్పు చెప్పెను. మన గడ్డపై దొంగకు దక్కు గౌరవము, మన గడ్డకు వచ్చుచున్న కూలివానికి దక్కనక్కరలేదని చెప్పుటకు మన మంత్రియే నిలువబడవలెనా? కొలంబియా మనకన్న చిన్న దేశము. సుంకముల బెదరింపునకు లోబడినను, 2025 జనవరిలో తన విమానములనే పంపి తనవారిని సంకెళ్ళు లేకుండ తెచ్చుకొన్నది. మనకు విమానములు లేవా? తరువాతి సైనిక విమానము బయలుదేరకముందే మన విమానమును పంపవలెను. పంపజాలనిచో, సంకెళ్ళు వేయుట తప్పని అదే సభలో లేచి చెప్పవలెను. ఈ రెంటిలో నేదియు చేయలేని ప్రభుత్వమునకు, దొడ్డిదారిన పోయిరని ఆ 104 మందిని నిందించు అర్హత లేదు.