మబ్బురోజు మేత

బెజవాడ హోటల్లో మా కంపెనీ పెట్టిన శిక్షణలో, టీమ్ లీడరన్నవాడు రిస్కు తీసుకోవాలన్నారు. అదెలాగో చూపిస్తామని నన్ను కుర్చీ ఎక్కించి, కళ్లు మూసుకుని వెనక్కి పడమన్నారు. మీ టీమే పట్టుకుంటుంది, నమ్మండన్నారు. నేను తొంభై రెండు కిలోలు. ఓరగా వెనక్కి చూస్తే మా కుర్రాడొకడు వాచీ విప్పి జేబులో వేసుకుంటున్నాడు. గమ్మున దిగిపోయాను.

మాది వట్లూరు. ఎక్స్‌ప్రెస్ రైళ్లు ఈల వేసి పోయే ఊరు. కొల్లేరు చుట్టుపక్కల చెరువులకి చేపల మేత అమ్మించడం నా పని. అమ్మేది కుర్రాళ్లు, అమ్మించేది నేను. టార్గెట్ అందితే నా గొప్ప, అందకపోతే వాళ్ల తప్పు. పదేళ్లుగా ఈ ఒప్పందం సాఫీగా నడుస్తోంది. వాళ్లకి చెప్పలేదంతే.

ఆ శిక్షణలోనే సతీశ్ ధావన్ గారి సంగతి చెప్పారు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోటలో లేచిన ఎస్ఎల్‌వీ-3 రాకెట్ బంగాళాఖాతంలో పడింది. ప్రాజెక్టు నడిపింది కలాం గారు. విలేఖరుల ముందు కూర్చుని మాటలన్నీ పడింది మాత్రం ఇస్రో ఛైర్మన్ ధావన్ గారు. మరుసటేడు జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. అప్పుడు విలేఖరులతో మాట్లాడమని కలాం గారినే పంపారు. నేను అరచేతులు మండేలా చప్పట్లు కొట్టాను. ఇంకొకరి త్యాగానికి చప్పట్లు కొట్టడంలో నాకు పిసినారితనం లేదు.

శ్రావణమాసం, నెలాఖరు, మూడ్రోజులుగా ముసురు. మా కుర్రాళ్లలో చిన్నవాడు ఫోన్ చేశాడు. "సార్, మబ్బేసింది. రైతు మేత ఆపుతానంటున్నారు." ఎండ లేకపోతే నీళ్లలో పచ్చదనం ప్రాణవాయువు ఇవ్వదు. పైగా తిన్న చేపకి గాలి మరీ కావాలి. ఈ ముక్క కొల్లేట్లో పిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. "నీకు మబ్బు ముఖ్యమా, టార్గెట్ ముఖ్యమా?" అన్నాను.

తెల్లారేసరికి చెరువులో బొచ్చె చేపలన్నీ నోళ్లు పైకి పెట్టేశాయి. ఓ ముప్పై అప్పటికే వెల్లకిలా తేలాయి. నేను వెళ్లేసరికి గట్టు మీద రైతు పెద్దాయన మావాణ్ణి నిలబెట్టి దులిపేస్తున్నాడు. చిల్లుల మేత బస్తా ఒకటి కర్రకి వేలాడుతూ ఇంకా కారుతోంది.

"మేత వెయ్యమన్నదెవర్రా?"

వాడు నావైపు చూడలేదు. నా బూట్లవైపు చూశాడు.

"నేనేనండి," అన్నాను. గొంతు పెగిలినంతే పెగిలింది. ఏరియేటర్ల హోరులో కలిసిపోయింది.

"ఆఁ?"

చేసిన తప్పు ఒకటే, ఒప్పుకోవడం రెండుసార్లు. ధావన్ గారికి మైకైనా ఉండుంటుంది.

పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఇవాళ పీకల్దాకా తిని, ముక్కు మూసుకుని పడుకోండి. తెలుస్తుంది," అన్నాడు. వచ్చే నెల లోడు అక్కర్లేదన్నాడు. తిరిగొస్తుంటే మాత్రం పిలిచి రెండు బొచ్చెలు సంచిలో వేసిచ్చాడు.

దారిలో బండి నడుపుతూ మావాడు చాలాసేపు నసిగాడు. "సార్, ఏమనుకోరుగా? నిన్న మిగతా రెండు చెరువులకీ వెయ్యమన్నారు కదా. అక్కడ నేను ఆపించేశానండి. వేశామని మీకు చెప్పా."

తిడదామని నోరు తెరిచాను. బొచ్చెలు గుర్తొచ్చి మూసుకున్నాను.

ఇంట్లో మా ఆవిడ సంచి విప్పి చూసింది. "ఎంత పడిందేంటి?"

"నెల టార్గెట్టు."

"అంత పోసి బొచ్చెలెందుకండీ? శీలావతి తేవాల్సింది."