సంగటి తెడ్డుకు ఓర్చే పొయ్యి

చీమకుర్తి గనుల బ్లాక్ గెలాక్సీ గ్రానైట్, అదే, నల్లరాయిలో బంగారు చుక్కలుండేది, అమెరికాలోనూ యూరప్‌లోనూ ఎన్నో ఖరీదైన వంటగట్ల మీద పరుచుకుని కూర్చుంది. ఒకప్పుడు బడిపిల్లల సంచుల్లో ఉండే మార్కాపురం పలకరాయి ఇప్పుడు ఓడలెక్కి పరాయి గోడలకు అంటుకుంటోంది. ఇంతమంది వంటిళ్లకు రాయి పంపిన ఉమ్మడి ప్రకాశం జిల్లాలో, ఒక్క వంటింటికి పొయ్యి కొనాలంటే మాత్రం సముద్రం అవతలికి చూడాల్సిందేనని గిద్దలూరు సైన్సు మాస్టారి కొడుక్కి గట్టి నమ్మకం.

మాస్టారు రిటైరయ్యారు. ఇంటికి మరమ్మతులు మొదలెట్టారు. పడకగది, వరండా ఎవరికీ పట్టలేదు గానీ వంటింటి దగ్గరికొచ్చేసరికి ఖండాంతర చర్చ లేచింది.

"నాన్నా, మామూలు స్టవ్ వద్దు. సిక్స్ బర్నర్ రేంజ్ పెట్టిద్దాం. కింద ఓవెన్ కూడా వస్తుంది" అన్నాడు కొడుకు డల్లాస్ నుంచి, వీడియో కాల్‌లో.

"ఆరు పొయ్యిలా? ఇంట్లో ఉండేది ముగ్గురం గదరా!" అంది తల్లి వెనక నుంచి. ఫోనులో ఆమె ముఖం సగమే కనిపించింది గానీ అభిప్రాయం మొత్తం వినిపించింది.

కొడుకు చూపించినవి చిన్నాచితకా సరుకు కాదు. అందులో వైకింగ్ అనే రేంజ్ ఒకటి. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రం, గ్రీన్‌వుడ్ ఊళ్లో ఫ్రెడ్ కార్ల్ అనే ఆయన ఇళ్లు కట్టే కాంట్రాక్టరు. తమ ఇంట్లోకి హోటల్ పొయ్యి లాంటి బలమైన పొయ్యి కావాలని భార్య కోరింది. హోటల్ పొయ్యి ఇంట్లో పెడితే ఆ వేడికి పక్కనున్న చెక్క అలమరాలకు ముప్పు. అందుకని ఆయనే ఇళ్లకు పనికొచ్చే పొయ్యికి రూపకల్పన చేసుకున్నాడు. 1987లో అది అమ్మకానికొచ్చింది. భార్య అడిగిందని ఏకంగా కంపెనీ పెట్టిన ఆ మనిషి కథ విని మాస్టారి భార్య ఆయన వంక ఒక చూపు చూసింది. ఆ చూపు గురించి ఇక్కడ రాయకపోవడమే మర్యాద.

రెండోది ఆగా. దాన్ని చేసిన గుస్తాఫ్ డాలెన్ స్వీడన్ శాస్త్రవేత్త, 1912లో భౌతికశాస్త్రంలో నోబెల్ గ్రహీత. అదే ఏడాది ఒక పేలుడులో చూపు పోయింది. అయినా పని మానకుండా 1922లో ఈ పొయ్యి కనిపెట్టాడు. మాస్టారు సైన్సు మనిషి కాబట్టి చేతులు జోడించారు. తరవాత అది పనిచేసే తీరు తెలిసింది: బరువైన పోత ఇనుములో వేడిని దాచుకుని, రాత్రీ పగలూ ఆరకుండా వెచ్చగా ఉంటుందట. స్వీడన్ చలికి అది వరం. నల్లమల కొండరాళ్లు కాగి సెగలు కక్కే మే నెలలో గిద్దలూరు వంటింట్లో దాని పక్కన నిలబడి వంట చేసే ఇల్లాలికి నోబెల్ శాంతి బహుమతి ఇవ్వాల్సి వస్తుంది.

ఆగా పోయింది. రేంజ్ మిగిలింది. మాస్టారు కాగితం తీశారు.

బర్నర్ ఒక్కింటికి గంటకు 15,000 బీటీయూలన్నాడు కొడుకు. ఆరింటికి 90,000. అంటే 26 కిలోవాట్ల పైచిలుకు. ఇంటికొచ్చే బండలో 14.2 కిలోల గ్యాసు. అందులోని వేడి సుమారు 180 కిలోవాట్ అవర్లు. ఆరు పొయ్యిలూ నిండుగా వెలిగిస్తే బండ ఏడు గంటలు కూడా రాదు. అసలు ఇంటి రెగ్యులేటర్ అంత గ్యాసు వదలనే వదలదు. దీపం-2 పథకంలో అర్హులకు ఏడాదికిచ్చే ఉచిత బండలు మూడు. మాస్టారు లెక్క కింద రెండు గీతలు గీసి, ఫోటో తీసి డల్లాస్‌కు పంపారు. అటు నుంచి బొటనవేలు బొమ్మ ఒకటి వచ్చింది. అది ఒప్పుకోలో, ఓదార్పో తేలలేదు.

మరుసటి మెట్టు హాబ్. గట్టు రాయిని కోసి అందులో దించే గాజు పలక పొయ్యి. దుకాణంలో దాని అందానికి మాస్టారు సగం పడిపోయారు. మిగతా సగాన్ని ఫ్లేమ్ ఫెయిల్యూర్ డివైస్ పడగొట్టింది. పప్పుచారు పొంగి మంట ఆరితే గ్యాసు దానంతటదే ఆగిపోతుంది. లోపలుండేది థర్మోకపుల్: మంట వేడికి చిన్న విద్యుత్తు పుట్టి గ్యాసు దారిని తెరిచి ఉంచుతుంది, వేడి పోతే దారి మూసుకుంటుంది. "సీబెక్ 1821లో కనుక్కున్న సంగతే ఇది" అంటూ మాస్టారు సేల్స్ కుర్రాడికి పాఠం మొదలెట్టారు. కుర్రాడు బుద్ధిగా తలూపాడు. అమ్మకం కోసం ఎంతటి చదువైనా చదవగలడు.

గ్రానైట్ మేస్త్రీ మాత్రం తలూపలేదు. "సార్, ఒక్కో కంపెనీకి ఒక్కో కొలత. ఈ కొలతకు రాయి కోశామంటే, రేపు అది చెడిపోతే మళ్లా అదే కొలతది దొరకాల. రాయిని తిరిగి అతికించలేం గదా!" అన్నాడు. చీమకుర్తి రాయి ధర తెలిసిన ఎవరికైనా ఆ మాట దిగుతుంది.

అసలు తీర్పు అవ్వది. మాస్టారి తల్లి. నల్లమల కట్టెలతో మొదలెట్టి రంపపు పొట్టు పొయ్యి, వత్తుల స్టవ్వు, పంపు స్టవ్వు అన్నీ దాటి బండకొచ్చిన మనిషి. 1999లో దీపం పథకం కింద వీధిలో ఒక్కో ఇంటికీ గ్యాసు వస్తుంటే, తనకు అంతకుముందే వచ్చిందని అందరికీ వెలిగించి చూపించిన అనుభవశాలి. దుకాణంలో హాబ్ మీదున్న ఇనుప ఊచల్ని రెండు చేతులా పట్టి కుదిపి చూసింది.

"ఒరే అబ్బయ్యా, దీని మీద సంగటి గెలికితే నిలబడుద్దా?"

ప్రశ్న తేలిక కాదు. అన్నం మెత్తగా ఉడికాక రాగిపిండి పోసి, మగ్గనిచ్చి, తెడ్డు తీసుకుని ఒళ్లు వంచి గెలకాలి. అవ్వ కాలంలో కుండను నేల మీదికి దించి ఆ పని చేసేవాళ్లు. కోడలు మోకాళ్లు నేలకు దిగనివ్వవు. ఆమె పొయ్యి మీదే కానిస్తుంది. టఫెన్డ్ గాజు నిజానికి గట్టిదే. కాకపోతే అంచున దెబ్బ తగిలితే ఒక్కసారిగా గవ్వంత ముక్కలైపోతుంది. పైగా నాలుగు బర్నర్లను 60 సెంటీమీటర్లలో ఇరికించిన చోట జొన్నరొట్టెల పెనం పెడితే పక్క పొయ్యికి ఊపిరాడదు. కుర్రాడు క్యాటలాగ్ మొత్తం తిరగేశాడు. సక్షన్ పవర్ నుంచి వారంటీ దాకా అన్నీ ఉన్నాయి, సంగటి లేదు.

చివరికి కొన్నది ఐఎస్ఐ గుర్తున్న మూడు బర్నర్ల స్టీలు స్టవ్వు. ఇత్తడి బర్నర్లు, ఎడమైన అమరిక. రాయి కోయలేదు. స్టవ్వు పెట్టే చోట మాత్రం గట్టును నాలుగంగుళాలు దించి కట్టించారు, తెడ్డు పట్టిన చెయ్యి భుజం దాకా లేవకుండా. ఎల్పీజీ గాలికన్నా బరువు, కారితే నేల మీద పేరుకుంటుంది కాబట్టి, బండ పెట్టే అరకు కిందిభాగాన గాలి కంతలుండాలని మాస్టారు వడ్రంగి దగ్గర పట్టుబట్టారు. అందానికి అడ్డమని వడ్రంగి గొణిగాడు, కంతలు పడ్డాయి. థర్మోకపుల్ లేదన్న దిగులు మాత్రం ఆయనకు ఇంకా ఉంది. పప్పుచారు పొయ్యి మీదుంటే వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని తానే కాపలా కూర్చుంటున్నారు.

డబ్బు కట్టి లేస్తుంటే కుర్రాడు అడిగాడు: "సార్, చిమ్నీ 60 ఇమ్మంటారా, 90 ఇమ్మంటారా?"

డల్లాస్ నుంచి అప్పటికే ఫోను మోగుతోంది.