మేస్త్రీ మొహం చూడకుండా ఇంజిన్ మార్చడం ఎలా?

పాత మహీంద్రా జీపు కొన్నారు. దాని పెట్రోలు ఖర్చుకి ఇంట్లో గొడవలవుతున్నాయి. ఆ ఇంజిన్ దించేసి డీజిల్‌ది ఎక్కిద్దామని విజయవాడ ఆటోనగర్‌కి వెళ్తే, మేస్త్రీ చెప్పిన రేటు విని మీకు ఒళ్లు మండింది. ఈ పనికి కావాల్సిన మొదటి పనిముట్టు ఆ మంటే. ఇక పెరడు, ఒక వేపచెట్టు, ఫోన్లో నాలుగు వీడియోలు, మాట కాదనలేని బావమరిది ఉంటే చాలు. కింది సూచనలు తు.చ. తప్పకుండా పాటించండి.

1. పెద్ద ఇంజినే ఎంచుకోండి

పాత జీపులో ఉన్నది 2.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్. భయస్తులు దాని స్థానంలోకి ప్యూజో ఎక్స్‌డీపీ 4.90 వెతుక్కుంటారు. పేరులోనే లెక్క ఉంది: నాలుగు సిలిండర్లు, 90 మిల్లీమీటర్ల బోరు. మొత్తం 2,112 సీసీ. పాతదానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి పెద్ద చిక్కులుండవు. చిక్కుల్లేని పనిలో పేరేం వస్తుంది? మీరు టాటా లారీ 697 తెచ్చుకోండి. ఆరు సిలిండర్లు, 97 బోరు, సుమారు 5.7 లీటర్లు. బానెట్ మూతపడకపోతే బానెట్‌నే తీసేయండి. ముందు కమాన్ కట్టలు కుంగితే బండికి వినయం వచ్చిందనుకోండి. బ్రేకుల సంగతి ఎవరైనా అడిగితే, బండి కొన్నది వెళ్లడానికా ఆగడానికా అని ఎదురడగండి.

2. చైన్ బ్లాకు అద్దె మిగుల్చుకోండి

ఇంజిన్ దించడానికి వేపకొమ్మకి మోకు కడితే సరిపోతుంది. బావమరిదిని సరిగ్గా దాని కింద నిలబెట్టండి. "బావా, కొమ్మ కిర్రుమంటోంది" అంటే, "చెట్టుకి కొత్త కదరా" అని ధైర్యం చెప్పండి. జాకీ ఎక్కించిన బండి కింద స్టాండ్లు పెట్టడం కూడా దండగే. ఇంట్లో దొరికిన చెక్కపలక ఒకటి జాకీ అడుగున తోసి, మీరు బండి కిందికి దూరండి.

3. కొలతలు కళ్లతోనే

కొత్త ఇంజిన్ వెనక బోల్టు రంధ్రాలు పాత గేర్‌బాక్సుకి కలవవు. చాదస్తం ఉన్నవాళ్లు లేతు షాపులో అడాప్టర్ ప్లేటు చేయించి, క్రాంకూ గేర్‌బాక్సు షాఫ్టూ ఒకే గీతలో ఉన్నాయో లేదో డయల్ గేజీతో చూస్తారు. మీరు ఒక కన్ను మూసి రెండో కంటితో చూడండి. వెంట్రుకవాసి తేడా ఉంటే క్లచ్చూ బేరింగులూ వాటంతట అవే సర్దుకుంటాయి. అవి సర్దుకుంటున్న సంగతి వీధి చివరి వరకూ వినిపిస్తుంది.

4. హెడ్డు బిగింపుకి బలం చాలు

హెడ్డు బోల్టులు మధ్య నుంచి బయటికి, ఒక వరసలో, రెండు మూడు దఫాలుగా టార్క్ రెంచితో బిగించాలంటారు. అంత ఓపిక ఎవరికుంది? పానాకి మూడడుగుల పైపు తొడిగి, ఏదో ఒక మూల మొదలుపెట్టి, నడుం పట్టేదాకా లాగండి. గ్యాస్కెట్ పాతదే వేయండి. రేడియేటర్లో బుడగలొస్తే ఇంజిన్ ఊపిరి తీసుకుంటోందని అర్థం. ఆయిలు పాలు కలిపిన కాఫీలా మారితే మాత్రం తాగకండి.

5. స్టార్ట్ కాకపోతే

డీజిల్ ఇంజిన్లో స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని ఇరవై వంతులు ఒక వంతయ్యేలా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. లైన్లో గాలి చేరిందా, ఆ గాలే నలుగుతూ కూర్చుంటుంది, నాజిల్ తెరుచుకోదు. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, బుడగలు పోయేదాకా చేతిపంపు కొడితే అయిదు నిమిషాల పని. మీరు మాత్రం కాలిన వాసన వచ్చేదాకా సెల్ఫ్ కొడుతూనే ఉండండి. ఒక వాసన వస్తే బ్యాటరీ పని, రెండో వాసన వస్తే సెల్ఫ్ మోటారు పని పూర్తయినట్టు.

డీజిల్లో కిరసనాయిలు కలిపితే డబ్బు మిగులుతుంది. పంపు లోపలి ప్లంజర్లకి ఆ డీజిలే కందెన అన్న విషయం పంపుకి తెలుసు, మీకు తెలియనక్కర్లేదు. నాజిల్ స్ప్రే బాగుందో లేదో అరచేయి అడ్డంపెట్టి చూడండి. సూది లేకుండానే డీజిల్ చర్మంలోకి దిగుతుంది. పైకి కనబడేది చిన్న చుక్కే. చెయ్యి వాచాక, అది కోసి కడగాల్సిన పనని సర్జన్‌గారు వివరంగా చెబుతారు.

6. ఆయిలు ధారాళంగా పోయండి

డిప్‌స్టిక్ మీద పై గీత కంపెనీ వాళ్ల పిసినారితనం. దాన్ని దాటించండి. పొంగిన ఆయిలు గాలి దారిలోకి చేరితే ఇంజిన్ దాన్నే తాగుతూ పరుగందుకుంటుంది. అప్పుడు తాళం తీసినా, డీజిల్ కట్ చేసినా ఆగదు. దానికి గాలి అందకుండా మూస్తేనే ఆగుతుంది. మూయడానికి గట్టి చెక్కపలక కావాలి. అది జాకీ కింద ఉంది.

7. ఆర్‌సీ జోలికి పోకండి

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఇలాంటి మార్పులు ఇష్టం వచ్చినట్టు చేయకూడదు. 2019 సవరణ తర్వాత అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకూ జైలు, లేదా రెండూ. అయినా ఆర్టీవో ఆఫీసు మెట్లెక్కకండి. కాగితంలో పెట్రోలు అని ఉంటే ఉండనివ్వండి. నల్లపొగ కమ్మినప్పుడు పోలీసులకి నంబరు ప్లేటు ఎలాగూ కనిపించదు. ఇన్సూరెన్స్ వాళ్లు ఇంజిన్ నంబరు సరిచూసేది క్లెయిమ్ వేసినప్పుడే కాబట్టి, అప్పటిదాకా మీరు నిశ్చింతగా ఉండొచ్చు.

8. అమ్మకం

బండి గేటు దాటకపోయినా ప్రకటన ఇవ్వొచ్చు: "జీపు, లారీ ఇంజిన్, ఈమధ్యే పూర్తి పని చేయించాం, చిన్న పని మిగిలింది, స్థలం చాలక అమ్ముతున్నాం." ఎవరు వచ్చినా కాఫీ ఇచ్చి, బండి చుట్టూ తిప్పి, రంగు చూపించండి. స్టార్ట్ చేసి చూపించమని అడిగేవాడితో మాత్రం బేరం పెట్టుకోకండి. అలాంటివాడు ఇదివరకే ఇంట్లో ఒక ఇంజిన్ మార్చి ఉంటాడు.